దుప్పులు ఎంచుకున్న కెమెరా

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవి వాగులో నీళ్లు పారవు, ఇసుక పారుతుంది.

ఆ వాగు పక్కనే సుద్దచుక్క అనే ఆడదుప్పి ఉండేది. సుద్దముక్కతో పెట్టినట్టు ఒంటినిండా తెల్లటి చుక్కలు. అందుకే ఆ పేరు. దానికో పసిపిల్ల. ఆ ఏడు ఎండలకి వాగు ఎండింది, మడుగు ఎండింది, చివరికి సుద్దచుక్క పొదుగు కూడా ఎండసాగింది. పిల్ల పొదుగును కుమ్మి కుమ్మి, ఏమీ రాక, తల్లి మొహంలోకి చూసేది. ఆ చూపుకి తల్లి ప్రాణం విలవిల్లాడేది.

అడవిని కాచే గురవయ్యకి ఈ సంగతి తెలుసు. జంతువుల మాట అతనికి, అతని మాట జంతువులకి అర్థమయ్యేది. ఎలాగంటారా? అందరూ ఒకే వాగు నీళ్లు తాగి పెరిగినవాళ్లు కదా!

ఒకరోజు పొద్దున్నే గురవయ్య సంచిలో మూడు కెమెరా పెట్టెలు వేసుకొచ్చాడు.

"దుప్పుల్లారా, ఇలా రండి! గట్టుమీద సిమెంటు తొట్టి కట్టారు చూశారా? అందులోకి నీళ్ల ట్యాంకరు రావాలంటే, ఇక్కడ దుప్పులు తిరుగుతున్నట్టు ఫొటో చూపించమన్నారు ఆఫీసువాళ్లు. ఈ పెట్టెని చెట్టుకి కడితే, మీరు దాని ముందునుంచి నడిచినప్పుడు అదే ఫొటో తీస్తుంది. మూడూ మూడు రకాలు. నడిచేది మీరు. ఏది కట్టమంటారో మీరే చెప్పండి."

మందకి పెద్ద కొమ్మలదొర. చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములతో ముందుకొచ్చాడు.

"ఆ పెద్దది కట్టు మామా. దానికి మెరుపు కూడా ఉన్నట్టుందే! నా కొమ్ములు కొనలతో సహా కనబడాలి. చూసినవాడు అబ్బో అనాలి."

"అంత మెరుపంటే..." అని సుద్దచుక్క ఏదో అనబోయింది.

"నువ్వు నీ పిల్లని చూసుకో తల్లీ. ఇవి పెద్దల మాటలు" అన్నాడు కొమ్మలదొర.

సరేనని గురవయ్య ఆ పెట్టె కట్టాడు. సాయంత్రం మంద అటు నడిచింది. తళుక్కుమని మెరిసింది! అంతే, ఎటువాళ్లు అటు పరుగో పరుగు. అందరికన్నా ముందు ఎగిరింది కొమ్మలదొరే. కొమ్ములు ముళ్లపొదలో ఇరుక్కుని గింజుకున్నాడు. ఫొటోలో ఒక్క తోక పడింది.

చెట్టుమీంచి తోకరాయుడనే కొండముచ్చు కిచకిచ నవ్వాడు. "దొరా, భలే పడ్డావయ్యా! ఫొటోలోనా, పొదలోనా?"

తర్వాత తోకరాయుడే దిగొచ్చి, "గడ్డిపోచ కదిలినా కన్ను తెరిచే పెట్టె కట్టు మామా. ఇక ఏదీ దాన్ని తప్పించుకోదు" అన్నాడు.

మర్నాడు గురవయ్య రెండోది కట్టాడు. గాలి వీస్తే ఆకు ఫొటో. గడ్డి ఊగితే గడ్డి ఫొటో. తోకరాయుడు ఊరుకుంటాడా? పళ్లికిలించి ఒకటి, వీపు చూపించి ఒకటి, తలకిందులుగా వేలాడి ఇంకొకటి. పొద్దుగూకేసరికి బ్యాటరీ అయిపోయి పెట్టె నిద్రపోయింది. అప్పుడు భయంభయంగా దుప్పులు వచ్చి వెళ్లాయి. ఒక్కటీ పడలేదు.

"ఏమయ్యా రాయుడూ, ఆకులకి దాహంగా ఉందని చెప్పనా ఆఫీసులో?" అన్నాడు గురవయ్య, ఆ మర్నాడు పొద్దున ఫొటోలు చూసి.

"అది సరేగానీ మామా, నేను నవ్వింది బాగా పడింది కదూ?"

గురవయ్య తలపట్టుకుని కూర్చున్నాడు. "రేపు ఫొటోలు ఇవ్వాలి. ఈ సాయంత్రం కూడా పడకపోతే ట్యాంకరు పక్క కొండకి పోతుంది." తలెత్తితే ఎదురుగా సుద్దచుక్క. "నువ్వేమీ చెప్పలేదేమ్మా?"

"నన్నెవరూ అడగలేదన్నా" అంది సుద్దచుక్క. మెల్లగా దగ్గరికొచ్చింది. "ఆ చిన్నది మెరుస్తుందా?"

"మెరవదు."

"చప్పుడు చేస్తుందా?"

"టిక్కుమని కూడా అనదు. ఆకులకి లేవదు, ఒంట్లో వేడి ఉన్న ప్రాణి దగ్గరికొస్తేనే లేస్తుంది. కాకపోతే రంగులు పడవమ్మా, అంతా బూడిదరంగే."

"దాహానికి రంగులెందుకన్నా? అదే కట్టు. కాస్త కిందికి కట్టు, పిల్లలు కూడా కనబడాలి."

గురవయ్య అలాగే కట్టి వెళ్లాడు. కానీ సాయంత్రమైతే ఒక్క దుప్పి కదల్లేదు.

"మళ్లీ మెరిస్తే? నేను రాను" అన్నాడు కొమ్మలదొర. చెవిలో ఇంకా ముల్లు ఉంది పాపం.

సుద్దచుక్కకి మాత్రం భయం లేదా? లేకేం! అంతలో పిల్ల వచ్చి ఎండిన పొదుగుని మూతితో పొడిచింది. ఇక సుద్దచుక్క ఆగలేదు. పిల్లని పొట్టకింద పెట్టుకుని అడుగు వేసింది. ఇప్పుడు మెరుస్తుంది, ఇప్పుడు మెరుస్తుంది అనుకుంటూ ఇంకో అడుగు వేసింది. ఎక్కడో కీచురాయి అరుస్తోంది. అంతకుమించి ఏమీ లేదు.

"అమ్మా, దాటేశాం!" అంది పిల్ల.

అది విని ఒకటొకటిగా మందంతా కదిలింది. అందరికన్నా చివర కొమ్మలదొర తలొంచుకుని నడిచాడు.

మర్నాడు గురవయ్య పెట్టె తెరిస్తే మందకి మంద కనబడింది. ముందు ఒక తల్లి, దాని పొట్టకింద నాలుగు చిన్న కాళ్లు. ఆ ఫొటోలు పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాడు. ట్యాంకరు వచ్చింది. తొట్టి నిండింది. దుప్పులు తాగాయి, నెమళ్లు తాగాయి, తోకరాయుడు తాగి మొహం కూడా కడుక్కున్నాడు. సుద్దచుక్క పొదుగులోకి పాలు దిగాయి. పిల్ల తాగి తాగి, తాగుతూనే నిద్రపోయింది.

"అన్నకి దండం పెట్టుకోవాలి" అనుకుంది సుద్దచుక్క. గురవయ్యేమో అడవికి ఆ చివర తిరుగుతున్నాడు. "ఆయన మనల్ని చూసేది ఈ కంటితోనే కదా" అని పెట్టె ముందు నిలబడి తల వంచింది. ఆరోజే కాదు, నీళ్లు తాగిన ప్రతిరోజూ అంతే.

"నేనూ పెడతా దండం!" అంటూ పిల్ల ముందుకురికింది. దండమెలా పెట్టాలో దానికేం తెలుసు? కెమెరా కన్నుని ఆప్యాయంగా నాకింది.

మళ్లీ గురవయ్య వచ్చి ఫొటోలు చూశాడు. రోజుకొకటి చొప్పున తలవంచిన దుప్పి. చివరి ఫొటో నిండా ఒక తడిముక్కు, సగం నాలుక. నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత తువ్వాలు కొసతో కెమెరా కన్నుమీది చొంగ తుడిచి, "నాకు చేరిందమ్మా" అన్నాడు అడవి వైపు తిరిగి.

నీతి: మేలు చేసేవాళ్లు ఎదుటివాళ్ల బెదురుని అడిగి తెలుసుకుని చేయాలి, మేలు పొందినవాళ్లు అది చేసినవాళ్లు ఎదుట లేకపోయినా తల వంచాలి.