పారమ్మ బడిగంట

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదులే బుజ్జీ, మీ అమ్మ నీ అంత ఉన్నప్పటి మాట. అనకాపల్లి దగ్గర ఒక ఊళ్ళో గవరయ్య అని ఒకాయన ఉండేవాడు. లారీ తోలడం మానేశాక ఆయనకో సరదా పుట్టింది. చిన్న వెల్డింగు మిషను కొనుక్కున్నాడు.

శనివారం వస్తే చాలు, ఖాసిం భాయ్ పాత ఇనప సామాను కొట్టుకి పరిగెత్తేవాడు. మిగిలిపోయిన ముక్కలు ఏరి, కాటా వేయించి తెచ్చుకునేవాడు. ఒకసారి కుండకి స్టాండు చేశాడు, ఒకసారి నెమలిని చేశాడు. ఆ నెమలి అచ్చం కోడిలా ఉండేదనుకో, అది వేరే సంగతి.

ఆయన భార్య పారమ్మ ఊరి బళ్ళో ముప్పై ఏళ్ళు ఆయమ్మగా చేసింది. ఆ బడికి ఇత్తడి గంట లేదు. వేపకొమ్మకి రైలుపట్టా ముక్క వేలాడేది. దాన్ని ఇనపకడ్డీతో పారమ్మే కొట్టేది. ఆ తర్వాత బడికి కరెంటు గంట వచ్చింది, పట్టా ముక్కని ఎవరో పాత ఇనుముకి అమ్మేశారు. అప్పట్నుంచి పారమ్మకి పొద్దు గడిచేది కాదు. తొమ్మిదయ్యేసరికి చెయ్యి దానంతటదే లేచేది, పాపం.

అప్పుడు గవరయ్య ఆ ముక్క కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆలస్యమైతే లారీ ఎక్కి కొలిమిలో కరిగిపోతుందేమోనని ఆయన భయం. మొదటి శనివారం దొరకలేదు. రెండో శనివారం పట్టా ముక్క ఒకటి దొరికింది గానీ, సుత్తితో తడితే గొంతు వేరు. మూడో శనివారం కుప్ప అడుగున ఇంకోటి తగిలింది. ఒక పక్క దెబ్బలు తిని తిని సొట్టపడి ఉంది. తట్టాడు. ఠంగ్‌మంది!

"ఇది మా ఆవిడ గంటే, భాయ్!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత ఊరుకున్నాడా? పనితనం చూపించద్దూ! తుప్పంతా గీకాడు. నాలుగు కాళ్ళ స్టాండు చేసి, పట్టా ముక్కని దానికి కదలకుండా అతికించేశాడు. పైన ఎర్రరంగు వేశాడు. పారమ్మని పిలిచి కడ్డీ చేతికిచ్చాడు.

పారమ్మ కొట్టింది. టక్. మళ్ళీ కొట్టింది. టక్. మూడోసారి కూడా కొట్టి, కడ్డీ కింద పెట్టేసింది.

"ఇదేటయ్యా, దీని నోరు నొక్కీసినావు?" అంది. కోపంగా కాదు, ఏడుపు ఆపుకుంటూ అంది.

గవరయ్య మనసు చివుక్కుమంది. వేలాడితేనే కదా మోగేది, ఆ సంగతే మర్చిపోయాడు మహానుభావుడు! అప్పుడు తను అంత ముచ్చటగా వేసిన అతుకులన్నీ తనే కోసేశాడు. లారీ గొలుసుతో ముక్కని వాకిట్లో పనసచెట్టుకి వేలాడదీశాడు.

పారమ్మ పైట బిగించి కొట్టింది. ఠంగ్... ఠంగ్... ఠంగ్...

వీధిలో టైలరు మిషను ఆపాడు. కండక్టరు సైకిలు దిగాడు. అరటిపళ్ళ సూరీడమ్మ తట్ట దించేసింది. మీసాలొచ్చినవాళ్ళు, పిల్లల్నెత్తుకున్నవాళ్ళు, ఒకప్పుడు ఆ బళ్ళో చదివినవాళ్ళందరూ పారమ్మ వాకిట్లోకి పరిగెత్తుకొచ్చేశారు. వచ్చాక, ఎందుకొచ్చామా అని తెల్లమొహాలు వేశారు.

పారమ్మ వాళ్ళందర్నీ కళ్ళారా చూసుకుంది.

"ఏటర్రా, ఇప్పుడా రావడం? లైన్లో నించోండి!" అంది.

ఒక్కళ్ళు నవ్వితే ఒట్టు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, బుద్ధిగా నించున్నారు.

కథేమో కంచి దారి పట్టె,
నీ కంటికేమో కునుకు పట్టె,
పడుకోవే నా బంగారు పిట్టా!