ముక్కుపుడక చేప

అనగనగా ఒక రేవుపట్నం. ఆ ఊళ్లో పిల్లలకు నడక కంటే ముందు ఈత వచ్చేదట, నమ్మితే నమ్మండి. ఆ పట్నాన్ని ఏలే రాజు కుముదసేనుడు. ఆయన తల్లి రాజమాత గంగాంబ.

గంగాంబ పుట్టింది కోటలో కాదు, ఓడలో. ఆమె తండ్రి పోలినాయుడు ఓడలు నడిపే పేరుమోసిన సరంగు. చిన్నప్పుడు గంగాంబ తన ముఖానికి మించిన ముక్కుపుడక పెట్టుకుని ఓడంతా గంతులేసేది. తండ్రి మురిసిపోయి, ముక్కుపుడక పెట్టుకున్న చేప బొమ్మను ఓడకు గుర్తుగా వేసుకున్నాడు. చేపకు ముక్కెక్కడిదని మాత్రం అడక్కండి. కూతురి మీద ముద్దొస్తే తండ్రులకు చేపలోనూ ముక్కు కనిపిస్తుంది.

ఆ ఓడ ఎప్పుడో సముద్రం పాలైంది. పోలినాయుడూ కాలం చేశాడు. ఆయన చేతి గుర్తుగా గంగాంబ పెట్టెలో మూడు కాగితాలు మిగిలాయి. మూడింటి మీదా జిగురు పూసి, దానిపైన ఆ చేపను గీశాడాయన. నీళ్లలో తడిపితే చేప ఉల్లిపొరలా కాగితం మీంచి జారి వస్తుంది. ఎక్కడ అంటిస్తే అక్కడ ఆరిపోతుంది. ఒకసారి అంటించాక మళ్లీ తీయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు గంగాంబ కళ్లకు పొర కమ్ముతోంది. "తల్లీ, తొలకరి నాటికి చూపు పోవచ్చు" అని రాజవైద్యుడు తల దించుకున్నాడు.

గంగాంబ కొడుకుని పిలిచింది. "నాయనా, ఈలోగా మా నాన్న ఓడని ఒక్కసారి చూసుకోవాలని ఉందిరా. ఒళ్లో పట్టేంత ఓడైనా చాలు. దాని మీద నాన్న వేసిన చేప ఉండాలి."

రాజు సరేనన్నాడు. వెంటనే ఆస్థాన శిల్పి వీరబ్రహ్మాచారికి కబురు పెట్టాడు.

ఆచారి ఓడ చేశాడు. అబ్బో, ఏం ఓడ! తెరచాపకు అతుకులు కూడా పెట్టాడు. ఉప్పునీట నానిన చెక్కలా కనిపించాలని గరుకుగా, మెరుపు లేకుండా రంగు వేశాడు. దాని మీద చేపను తడిపి అంటించాడు. ఆరాక చూస్తే చేప చుట్టూ పొర అంచు కనిపిస్తోంది. బొమ్మ కింద అక్కడక్కడ వెండి పూసినట్టు తెల్లటి మచ్చలు. ఆచారి కంగారుపడి గోటితో అదిమాడు. చేప రెండు ముక్కలైంది.

తరవాత వడ్రంగి మేస్త్రి కనకాలు వచ్చాడు. "ఆచారిగారు జిగురుకి పిసినారితనం చేశారు, అంతే" అని నవ్వాడు. తానూ అలాంటి గరుకు ఓడే చేసి, చేప కింద చారెడు జిగురు పోశాడు. ఆరాక ఆ చేప మీగడ కట్టిన పాలలా ముడతలు పడింది. ముక్కుపుడక తోకకి అంటుకుంది. కనకాలు నవ్వు మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

ఇక మిగిలింది ఒకే ఒక్క చేప. మేం ముట్టుకోం బాబోయ్ అని పనివాళ్లంతా చేతులెత్తేశారు.

"సంతలో పిల్లలకి లక్క గిలక్కాయలు అమ్మే సూరాలుని పిలిపించు" అంది గంగాంబ. "నీ చిన్నప్పుడు ఆవిడ చేసిన గిలక్కాయని నువ్వు నేలకేసి ఎన్నిసార్లు కొట్టావు! రంగు ఊడిందా?"

సూరాలు వచ్చింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పోతే మరి లేదు కదా తల్లీ. నాకు వారం రోజులు గడువియ్యండి. అందాకా దీన్ని మీ పెట్టెలోనే ఉంచండి" అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఇంటికెళ్లి చిన్న ఓడ చెక్కింది, గరుకుగా రంగు వేసింది. ఆ పైన ఏం చెయ్యాలో తోచలేదు. పెరట్లో కుండ పక్కన కూర్చుని దిగులుపడింది. కుండ అంచున ఒక నత్త పాకుతోంది.

"ఏమక్కా, ముఖం అలా వేలాడేశావు?" అంది నత్త.

సూరాలు సంగతంతా చెప్పింది. నత్త నింపాదిగా విన్నది. నత్తకి తొందరేముంది కనక?

"నన్ను చూడక్కా. గరుకు చోట నా పొట్ట మిట్టల మీదే ఆనుతుంది. పల్లాల్లో గాలి ఉండిపోతుంది. పట్టు దొరకదు. అందుకే ముందు నునుపు పరుచుకుంటాను, ఆ తరవాతే అడుగేస్తాను" అంది.

సూరాలు దిగ్గున లేచింది. రెండు పెంకు ముక్కలకు గరుకు రంగు వేసింది. ఒకదాన్ని అలాగే వదిలేసి, రెండోదానికి పైన తేట లక్కపూత వేసి మొగలి ఆకుతో మెరుగు పెట్టింది. ఒక కాగితానికి జిగురు పూసి, దాని మీద తానే రెండు చింతాకులు గీసి, తడిపి, చెరొకటి అంటించింది. గరుకు పెంకు మీది ఆకు కింద తెల్లమచ్చలు తేలాయి. నునుపు పెంకు మీది ఆకు అక్కడే మొలిచినట్టు కూర్చుంది. "నీ కడుపు చల్లగుండ!" అని సూరాలు నత్తకి గుప్పెడు తోటకూర పెట్టింది.

వారం తిరిగాక సూరాలు ఓడని సభకు తెచ్చింది. అది అద్దంలా ధగధగ మెరుస్తోంది. సభంతా గొల్లున నవ్వింది.

"ఇదేమిటి సూరాలూ!" రాజుకు కోపం వచ్చింది. "మా తాతగారిది ఉప్పునీట నలిగిన ఓడ. నువ్వు పెళ్లిపల్లకీ తెచ్చావు!"

"సగం పనిని చూసి నవ్వకండి ప్రభూ. ఈ మెరుపు చేప కూర్చోడానికి వేసిన పీట. పని కాగానే తీసేస్తాను" అంది సూరాలు. తరవాత గంగాంబ దగ్గరికి వెళ్లింది. "అమ్మగారూ, ఈ ఒక్క చేపనీ మీ చేత్తోనే పెట్టండి. మీ వేలు నేను పట్టుకుంటాను."

చేపను తడిపారు. గంగాంబ వేలికి సూరాలు వేలు ఆసరా అయింది. నునుపు మీద చేప ఇటు జరిగి, అటు జరిగి, తన చోటికి వచ్చి ఆగింది. సూరాలు మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచులకి అద్దుతూ నీళ్లని, గాలిని బయటికి పంపింది.

అది ఆరాక మరో లక్కపూత వేసింది. పొర అంచు అందులో కలిసిపోయింది. చిట్టచివర సుద్దపొడి కలిపిన పల్చటి పూత పూసింది. మెరుపంతా చల్లారింది. పల్లకీ పోయి, ఎండకీ వానకీ నలిగిన పాత ఓడ వచ్చింది. దాని మీద చేప, చేపకు ముక్కుపుడక.

గంగాంబ ఓడని కళ్ల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాన్న ఇప్పుడే గీసి, చెయ్యి కడుక్కోడానికి వెళ్లినట్టుంది" అని ఏడ్చేసింది. రాజూ ఏడ్చాడు. ఆచారి అందరి కంటే ముందు సూరాలుకి చేతులు జోడించాడు.

తొలకరి వచ్చింది. వైద్యుడు చెప్పినట్టే చూపు పోయింది. గంగాంబ ఓడని ఒళ్లో పెట్టుకుని తడిమింది. ఎంత తడిమినా చేప చేతికి తగల్లేదు. అంత నునుపుగా కలిసిపోయింది మరి! సూరాలుని పిలిపించి నవ్వుతూ, "సూరాలూ, నీ పనితనం నా కొంప ముంచిందే. నా చేప దాక్కుంది" అంది.

సూరాలు తన లక్క గిన్నె తెచ్చుకుంది. పుల్ల కొసతో ఒక్క లక్క చుక్క తీసి, సరిగ్గా ముక్కుపుడక మీద పెట్టింది. అది ఆరి ఆవగింజంత పొడుచుకు నిలిచింది. గంగాంబ వేలు పాక్కుంటూ వెళ్లి ఆ చుక్క మీద ఆగింది. ఆ రోజు నుంచీ ఆ వేలికి దారి చెప్పాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఆ ఓడకు ఎన్ని పూతలున్నాయో చూసినవాళ్లెవరికీ తెలియదు. పిల్లలూ, ఓర్పుతో ముందు చోటు సిద్ధం చేసినవారి పని కంటికి కనిపించకుండా పోయినా, దాని మీద నిలిచినది మాత్రం కలకాలం నిలుస్తుంది.