నెలలు నిండిన గున్న

అనగనగా ఒక అడవి. మా ఇంట్లో పురుడొచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు తలుచుకునే అడవేనర్రా! అందులో కరివేణి అనే ఏనుగుకు కొడుకు పుట్టాడు. నెలలు నిండి, గుండ్రాయిలా పుట్టాడు.

కానీ పాలు తాగడే! తల్లి రొమ్ము దాకా వస్తాడు. మూతి పెడతాడు. చటుక్కున వదిలేసి ఏడుస్తాడు. పొద్దెక్కేసరికి వాడికి ఏడ్చే ఓపిక కూడా పోయింది.

“నెలలు నిండిన బిడ్డకేం లోటే? పెంకితనం! అచ్చం మీ నాన్న పోలిక,” అంది అమ్మమ్మ ఏనుగు. ఆవిడకు ఏడు తరాల పోలికలూ కంఠతా వచ్చు.

అడవిబర్రె వచ్చింది. “ఓసి పిచ్చిదానా! పాలుండేది వెనక కాళ్ల దగ్గర కదా! వాణ్ణి అటు తొయ్యి,” అంది.

“అది నీకు, వదినా. నాకు ముందుకాళ్ల మధ్య,” అంది కరివేణి.

“అయ్యో, అక్కడెందుకు పెట్టించుకున్నావు?” అంది బర్రె.

ఎలుగుబంటి తేనెపట్టు తెచ్చింది. “నాలిక మీద ఇంత రాయి. మేమంతా దీంతోనే పెరిగాం,” అంది.

“రాసెయ్యవే!” అంది అమ్మమ్మ. కరివేణి పట్టు అందుకుంది.

అంతలో తాబేలు వచ్చింది. “నువ్వూ ఒక సలహా పడెయ్యి పిన్నీ, నువ్వొక్కదానివే మిగిలావు,” అంది కరివేణి విసుగ్గా.

“నాకేం తెలుసు తల్లీ? గుడ్లు ఇసకలో పెట్టి వచ్చేసినదాన్ని. పాలు తాగడం ఎలాగుంటుందో ఎన్నడూ చూళ్లేదు. ఒకసారి తాగించు, చూస్తాను,” అంది తాబేలు.

అందరూ పకపకా నవ్వారు. కరివేణి మాత్రం నవ్వలేదు. తేనె పక్కన పెట్టి, “రా నాన్నా,” అని బిడ్డను పిలిచింది.

తాబేలు కింద నుంచి మెడ చాచి చూసింది. “అమ్మాయీ, వాడి మూతి ముందు ఏదో వేలాడుతోందే! అది అడ్డం పడి నలుగుతోంది. ఊపిరాడక వదిలేస్తున్నాడు,” అంది.

“అది తొండం!” అన్నారంతా ఒక్కసారే.

నిజమే మరి! ఇవాళే పుట్టినవాడికి, దాన్ని పైకెత్తి తాగాలని ఏం తెలుసు? కరివేణి తన తొండంతో ఆ బుల్లి తొండాన్ని మెల్లగా ఎత్తి పట్టుకుంది.

గుటక్. గుటక్. గుటక్.

తొండం ఖాళీ లేక, కళ్లు మూసుకుని మనసులోనే గణపయ్యకు దండం పెట్టుకుంది ఆ తల్లి.

“ఆ గుటక చూడవే! అదీ నా పోలిక!” అంది అమ్మమ్మ.

నీతి: బిడ్డ పాలు తాగకపోతే పెంకితనం అనకండి. మీ అనుభవం వాడి నోట్లో పెట్టేముందు, ఆ నోటికి ఏం అడ్డొచ్చిందో వంగి చూడండి.