కింద పడిన చెంచా

ప్రశ్న అడిగితే చెప్పులు వేసుకోవడం హైమవతి గారి అలవాటు. శిశు వికాస శాస్త్రం బోధించడంలో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. పుస్తకాల్లో ఉండే జవాబులు ఆవిడకు తెలియక కాదు. కానీ శిష్యులెవరైనా వచ్చి “మేడం, ఇదెలా?” అంటే చాలు, బల్ల కింద కాళ్లు చాపి చెప్పులు వెతుక్కుంటారు. అడిగినవాళ్లు నోరు మూసుకుని వెనకాల నడవాలి. అలా నడిచి నడిచి డాక్టరేట్లు తెచ్చుకున్నవాళ్లు ఆ విశ్వవిద్యాలయంలో చాలామందే ఉన్నారు.

ఆ రోజు అడిగింది కుసుమ. శిశు వికాస శాస్త్రవేత్తల సదస్సుకు పరిశోధన సారాంశం పంపడానికి ఆ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. రెండు వందల యాభై మాటలు. ఒక్క మాట ఎక్కువైనా వాళ్ల వెబ్‌సైటు పుచ్చుకోదు. గత రెండేళ్లూ ఆమె పంపినవి గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి. ఇది మూడోసారి, ఫెలోషిప్పుకు ఆఖరి ఏడాది. అయినా ఈసారి చేతిలో సరుకుంది. పొద్దున్నించీ ఆమె కాళ్లు నేల మీద నిలవడం లేదు.

సరుకేమిటంటే ఇదీ. ఏడాదిన్నర దాటి రెండేళ్లు నిండని పిల్లలు నలభై మంది. ఒక్కొక్కరినీ వాళ్లమ్మతో సహా మేడ మీది గదిలోకి పిలిచి, బయటి చప్పుళ్లు రాకుండా తలుపు వేసి, కుసుమ రెండు చేతుల్లో పళ్లేల దొంతర పట్టుకుని నడుస్తూ ఒక చెంచా జారవిడుస్తుంది. “అయ్యో, చెంచా!” అంటుంది. అర నిమిషం తర్వాత గంట మోగుతుంది. ఆ లోపల చెంచా తీసి ఇస్తే బిడ్డ సాయం చేసినట్టు. ముప్పై ఒక్కమంది ఇచ్చారు! ఎవరూ చెప్పకుండా, ఎవరూ బతిమాలకుండా, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి మరీ ఇచ్చారు. మిగిలిన తొమ్మిది మందే పంటి కింద రాయిలా తగులుతున్నారు.

“మేడం, ఈ తొమ్మిది మందిని ఏమని రాయను?” అంది కుసుమ. “‘పరోపకార దృష్టి ఇంకా వికసించలేదు’ అని రాసేస్తే ఒక్క ముక్కలో తేలిపోతుంది కదా?”

హైమవతి గారు చెప్పులు వేసుకున్నారు.

మెట్లు దిగి ఆవిడ వెళ్లింది కింది అంతస్తులోని శిశువిహారానికి. ఆ శాఖలో పనిచేసేవాళ్ల పిల్లలూ, చుట్టుపక్కల వాళ్ల పిల్లలూ పగలంతా అక్కడే ఉంటారు. పన్నెండున్నరయింది, అన్నాల వేళ. ఆయా పైడితల్లి చాపల మీద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పప్పన్నం పెడుతోంది. కుసుమను చూడగానే మొహం తిప్పుకుంది. అందుకు కారణం లేకపోలేదు. ఆ తొమ్మిది మందిలో ఆమె మనవడు సన్నిబాబు ఒకడు.

“మా గుంటడికి జాలి లేదని దేశాలకి రాసి పంపిస్తన్నావంట కదమ్మా,” అంది పైడితల్లి, చూపు పళ్లెంలోంచి ఎత్తకుండా. “రాసుకో. సదువుకున్నోరు, మీకు తెలీదేటి.”

పేర్లు రాయనని కుసుమ చెప్పబోయింది గానీ, అది జవాబు కాదని ఆమెకే తోచింది.

ఈలోపు హైమవతి గారు పైడితల్లి చేతిలోని పళ్లేలు అందుకుని తానే వడ్డించడానికి బయల్దేరారు. నాలుగడుగులు వేశారో లేదో, పై పళ్లెంలోని చెంచా జారి ఠంగుమని గచ్చు మీద పడింది. కావాలని పడేశారో, నిజంగానే జారిందో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ మాత్రం పళ్లేలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

సన్నిబాబు తల ఎత్తాడు. చెంచాను చూశాడు, మేడం మొహం చూశాడు. బుగ్గల నిండా పప్పుతో లేచి నిలబడి, చెంచా వైపు రాకుండా వెనక్కి తిరిగి చక్కా నడిచిపోయాడు.

“చూశారా మేడం! ఆ రోజూ అచ్చం ఇంతే,” అంటూ కుసుమ వంగి చెంచా తియ్యబోయింది.

“ఆగు,” అన్నారు హైమవతి గారు. “నీ పరీక్ష కాదు ఇది.”

కుసుమ చెయ్యి వెనక్కి తీసుకుంది. అలవాటు కొద్దీ గోడ గడియారం చూసింది. అర నిమిషం గడిచింది; పైన గదిలో అయితే ఈపాటికి గంట మోగి, సన్నిబాబు పేరుకు ఎదురుగా సున్నా పడి ఉండేది. వాడికి ఆ సంగతి తెలియదు. హాలు మధ్యలో ఒకసారి కూలబడ్డాడు. అక్కడ చీమల బారు కనబడితే దాన్ని కాసేపు పరామర్శించాడు. మళ్లీ లేచాడు. వంటగది గడప పక్కన కడిగిన చెంచాల బుట్ట ఉంది. అందులో చెయ్యి పెట్టి, కలియబెట్టి, ఒక చెంచా తీసుకున్నాడు. వచ్చేదారిలో దాన్ని శుభ్రంగా నోట్లో పెట్టుకుని ఒకసారి నాకి, తెచ్చి మేడం చీర కుచ్చిళ్లకు తగిలించి, “ఇందా,” అన్నాడు.

కుసుమ నోరు వెళ్లబెట్టింది.

“పైడితల్లీ,” అంది, మాట తడబడుతూ, “వీడు కింద పడ్డది ఎందుకు తియ్యలేదు?”

“ఎలాగ తీస్తాడమ్మా? కింద పడిన సెంచా ముట్టుకోకూడదని నేనే కదా నేర్పినాను. తీసినోల సేతి మీద ఒకటేస్తాను. బుట్టలోంచి కడిగింది తెచ్చుకోవాల. ఇక్కడ గుంటలందరికీ అదే అలవాటు.”

మూడేళ్లుగా ఆ భవనంలోనే తిరుగుతున్నా కుసుమ పిల్లల అన్నాల వేళ ఒక్కసారైనా కిందికి దిగలేదు. ఆ వేళకు ఆమె క్యాంటీన్లో ఉండేది. ఆ మాట తలచుకోగానే సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఒక అనుమానం తన్నుకొచ్చింది. పైడితల్లి చెయ్యి పట్టుకుని, మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి లాక్కుపోయింది. పిల్లల చేతులు కడగడానికి ఆ పూటకు మేడమే మిగిలారు.

పైన, పరీక్షప్పుడు తీసిన వీడియోలు ఒక్కొక్కటే పెట్టింది. తొమ్మిది మందిలో ఆరుగురు శిశువిహారం పిల్లలే! ఆ ఆరుగురి పేర్లకూ ఎదురుగా తన చేత్తో తనే రాసుకున్న మాటలు: ‘ఆసక్తి లేదు. బయటికి పోవాలని చూశాడు.’ తెర మీద సన్నిబాబు మూసిన తలుపు దాకా వెళ్లి, రెండు అరచేతులూ ఆనించి, కుసుమ వైపు తిరిగి చూశాడు. మళ్లీ తలుపు వైపు చూశాడు. గంట మోగింది.

“తియ్యమ్మా,” అంది పైడితల్లి తెరతో. “తలుపు తియ్యి, సెంచా తెస్తాడు.”

కుసుమకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నవ్వూ ఆగలేదు. ఆరుగురూ అంతే, ఆ తలుపు దగ్గరే! మిగతా ముగ్గురిలో ఇద్దరు ఊరికే చూస్తూ కూర్చున్నారు, ఒక పిల్ల గంటకు జడుసుకుని ఏడ్చింది. వాళ్ల సంగతి వేరు. ఈ ఆరుగురూ కడిగిన చెంచా కోసమే వెళ్లారో లేదో ఇప్పుడు ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. కానీ మళ్లీ చెయ్యొచ్చు! తలుపు తెరిచి, బుట్ట కనబడేట్టు పెట్టి, ఆ గంట పీకి పారేసి! కంప్యూటరు ముందు కూర్చుంది. పొద్దున రాసిపెట్టుకున్న సారాంశం నున్నగా, తప్పు పట్టే సందు లేకుండా ఉంది. అది పంపేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘పరోపకార దృష్టి’ని మొదట కొట్టేసింది. ఆరుగురు తలుపు దాకా నడిచారని రాసింది. శిశువిహారంలో చెంచాల అలవాటు గురించి రాసింది. రాసిందల్లా లెక్కపెట్టి, తీసి, కుదించి, మళ్లీ రాసింది.

నాలుగూ యాభైకి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. హైమవతి గారు కళ్లజోడు పెట్టుకుని, తెర మీది సారాంశం మొదటి నుంచి చివరి దాకా చదివారు.

“బాగుంది అమ్మాయ్. తలుపు దాకా వెళ్లినవాళ్లు అక్కడే ఎందుకు ఆగిపోయారో రాయలేదేం?”

కుసుమ చెవులు ఎర్రబడ్డాయి. “చోటు లేదు మేడం. సరిగ్గా రెండు వందల యాభై అయ్యాయి. పైగా అది రాస్తే... మన పద్ధతిలోనే లోపం ఉందని మనమే చెప్పుకున్నట్టవుతుంది. మళ్లీ తిప్పి పంపేస్తారేమో.”

“పంపొచ్చు,” అన్నారావిడ, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “మొదటి వాక్యంలో ‘ఈ ప్రాంతంలో మొట్టమొదటిసారిగా’ అని రాశావు కదా, అది తీసెయ్. తలుపు వేసింది మనమేనని చెప్పడానికి ఆ చోటు చాలు.”