సుభద్ర పేరున్న పురుగు

పురుగుల మీద నలభై ఏళ్లు పనిచేసిన అవధాని మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా, మైక్రోస్కోపు ముందున్న కుర్చీని వాళ్ల వైపు జరిపేవారు. అందులో కూర్చున్నవాళ్లు అడిగిన మాటను మింగేసి లేవడం మామూలే.

ఆ ఉదయం హైమ వంతు వచ్చింది. కొండ మీది అడవిపూలలో ఆమెకు ఒక పూల పురుగు దొరికింది. బియ్యపుగింజంత మెత్తని ఒళ్లు, దాని మీద లోహంలా ఆకుపచ్చని మెరుపు. ఏ పుస్తకంలోనూ దాని పేరు కనబడలేదు. ఉన్నది ఒక్క ఆడపురుగే. ఈ పురుగుల్లో ఏది ఏ జాతో తేలేది మగదాని రెక్కల కొసల్లోనే అని హైమకు తెలుసు. తెలిసినా మనసు ఆగడం లేదు. కిందటేడు పోయిన తల్లి మంగతాయారు పేరు దానికి పెట్టుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

“మగది దొరికేదాకా ఆగాల్సిందేనా మాస్టారూ? దీన్ని చూసి పేరు పెట్టేస్తే తప్పా?”

మాస్టారు కుర్చీ జరిపారు. బీరువాలోంచి ఒక పెట్టె తీసి ముందు పెట్టారు. అందులో ఇరవై ఆరేళ్ల నాటి ఆడపురుగు ఒకటి ఉంది. దాని సూదికి గుచ్చిన చీటీ మీద ఆయన చేతిరాతలో, ఆయన పెట్టిన జాతి పేరు ఉంది. అది ఆయన భార్య సుభద్ర పేరు. ఆవిడ పోయిన ఏడాదే ఆ పురుగు కూడా ఆ కొండ మీద దొరికింది. పక్కనే, పోయిన వారం అదే కొండ మీద ఒకే పువ్వులో జంటగా పట్టుబడిన ఆడా మగా ఉన్నాయి.

“చూసి చెప్పు” అన్నారు.

హైమ చాలాసేపు చూసింది. జంటలోని ఆడది సుభద్ర పురుగుతో అచ్చంగా సరిపోయింది. మగదాని రెక్కల కొసలు పసుపుపచ్చగా, వేలితో నొక్కినట్టు లోపలికి మడతపడి ఉన్నాయి. ఆ మడత బొమ్మ, మగదాన్ని మాత్రమే చూపిన ఒక పాత పుస్తకంలో ఉంది, వందేళ్ల కిందట ఎవరో పెట్టిన పేరుతో సహా. ముందు పెట్టిన పేరే నిలవాలన్నది వాళ్ల శాస్త్రంలో కట్టుబాటు.

“ఇది పాత జాతే మాస్టారూ. మీరు పెట్టిన పేరు ఇంక చెల్లదు.”

“వారం కిందటే చూశాను. రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు రాయి.”

పాత చీటీని తీసెయ్యరు. సరైన పేరు రాసి దాని కింద ఇంకో చీటీ గుచ్చుతారు. హైమ రాసింది గాని గుచ్చలేకపోయింది. ఆయన మీద జాలో, అమ్మ మీద బెంగో, కళ్లు నిండిపోయాయి.

“సుభద్రమ్మగారి పేరండీ. ఇలాగే ఉంచేస్తే ఎవరికి నష్టం?”

మాస్టారు పురుగు వంకే చూస్తూ, “గుచ్చమ్మా” అన్నారు. “ఇరవై ఆరేళ్లు ఆ పేరుతో పిలిచాను. ఒక్కసారీ పలకలేదు.”