రాహుకాలాన్ని దాటించిన గడియారం

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో రొయ్యల ఫ్యాక్టరీ ఉండేదట, బంగారూ. అందులో వరహాలని ఒకామె రొయ్యలు ఒలిచేది. చంటిపిల్లకి జ్వరమొచ్చి, అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళింది. మూడోసారి ఆలస్యమైతే ఇక పన్లోకి రావద్దన్నారు.

అక్కడ మూడు గడియారాలు. ఆఫీసు కంప్యూటర్లో పెద్దది. రొయ్యల షెడ్డులో ఒకటి, గేటు దగ్గర ఒకటి. పనివాళ్ళు వచ్చిన వేళ పడేలా ఆ రెండిట్లోనూ వేలిముద్ర వెయ్యాలి. పెద్దదాని దగ్గర్నించి తీగల మీద కబురొస్తే, చిన్నవి రెండూ కాస్త కాస్తగా సర్దుకునేవి.

ఒక సోమవారం పొద్దున్నే కొత్త చల్లగదికి పూజ. పిలిచిన పెద్దమనుషులు వచ్చేసరికి రాహుకాలం పట్టేసింది. తొమ్మిదిదాకా ఆగే ఓపిక వాళ్ళకేదీ? అప్పుడు యజమాని, కంప్యూటర్లు చూసే కామేశాన్ని పిలిచి, "ఒరే, పెద్ద గడియారాన్ని గంటన్నర ముందుకు తిప్పెయ్" అన్నాడు. రాహువు కూడా కంప్యూటర్ చూసుకునే లేచి పోతాడనుకున్నాడు కాబోలు!

కామేశం తిప్పేశాడు. షెడ్డు గడియారం మారుమాట్లాడకుండా దాని వెనకే దూకింది. గేటు గడియారం మాత్రం అంత తేడా ఒక్కసారిగా వస్తే నమ్మలేదు, తన వేళలోనే ఉండిపోయింది. ఆ తర్వాత దీపం వెలిగించారు, అందరూ చప్పట్లు కొట్టారు.

మిగతావాళ్ళని పూజకని పెందరాళే రమ్మంటే, గడియారం తిప్పకముందే వచ్చేశారు. వరహాలు మాత్రం పిల్లకి మందు పట్టి, రోజూ పనికొచ్చే వేళకే వచ్చింది. గేటు దగ్గర వేలు పెడితే ఎనిమిది. ఆ తర్వాత షెడ్డులో వేలు పెడితే తొమ్మిదిన్నర!

"నాను ఏళకే ఒచ్చాను బాబూ! గేటుకాడ గడియారం సూడండి" అని ఏడ్చింది.

"రెండు గడియారాలు ఒకమాట చెబుతుంటే, ఆ ఒక్కదాన్నీ నమ్మమంటావా?" అన్నాడు యజమాని.

కామేశం నోరు తెరవబోయాడు. "ఏంట్రా, దీపం రాహుకాలంలో వెలిగించామంటావా?" అని యజమాని గుడ్లురిమాడు. అంతే, వాడు తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటా చెబితే వాడి సొమ్మేం పోయిందమ్మా! నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు వరహాలుని పంపేశారు. ఆ తర్వాత గేటు గడియారం చెడిపోయిందని పీకేశారు. సాయంత్రం పెద్ద గడియారాన్ని చప్పుడు కాకుండా వెనక్కి తిప్పేశారు. వరహాలుని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు.

కథేమో కంచికి, మనమేమో మంచానికి.
గంటేమో ముందుకి, వరహాలేమో ఇంటికి.