బోడితాత అడిగిన ముడి

పొన్నవాగు అడవిలో గోరింకలు, కుందేళ్లు, దుప్పులు, అడవిపందులు ఎన్నో ఉండేవి. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మాత్రం పూర్తిగా గిజిగాళ్లదే. ఆ చెట్టున పోగయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో వాడిని మించినవాడు లేడు. ఆ సంగతి వాడికీ తెలుసు, పదిమందికీ చెప్పుకునేవాడు కూడా.

ఒక వానాకాలం పెనుగాలి వీచింది. పోగయ్య గూడు తెగి వాగులో పడింది. అయ్యో, అందులో గుడ్లున్నాయి! పోగయ్య, వాడి భార్య గరికమ్మ చూస్తుండగానే వాగు వాటిని మింగేసింది.

ఆనాటి నుంచి పోగయ్య ఒక కొమ్మ మీద ముడుచుకుని కూర్చున్నాడు. గింజ ముట్టడు, పాట పాడడు. ఒకసారి రెల్లు చీలిక తెచ్చి ముడి వేశాడు గానీ, "ఛీ, పాత గూటి ముందు ఇదెంత!" అని తనే పీకి పారేశాడు.

పక్కచెట్టు గోరింక వచ్చింది. "ఉత్సాహం తెచ్చుకోవాలి పోగయ్యా! నవ్వుతూ ఉండాలి!" అంది.

"ఎక్కడ దొరుకుతుందో చెప్పు, వెళ్లి తెచ్చుకుంటాను" అన్నాడు పోగయ్య. గోరింక తుర్రున ఎగిరిపోయింది.

గరికమ్మకు లోలోపల భయం పట్టుకుంది. "ఏమయ్యా, రెల్లు పచ్చగా ఉన్నంతవరకే మనకు అల్లిక. ఎండిందంటే పోగు పుటుక్కున తెగుతుంది. ఇక ఈ ఏడు మనకు పిల్లలుండరు" అంది.

"మనసు కుదుటపడనీ. అప్పుడు అల్లుతాను" అన్నాడు వాడు.

మనసు కుదుటపడలేదు సరికదా, కూర్చున్నకొద్దీ ఇంకా కుంగింది. రెల్లు కొసలు పసుపు తిరగసాగాయి.

ఆ చెట్టు మీద తల ఈకలన్నీ రాలిపోయిన ముసలి గిజిగాడు ఒకడున్నాడు. అందరూ బోడితాత అనేవారు. ఒక పొద్దున ఆయన రెల్లు చీలిక పట్టుకొచ్చాడు. "నా ముక్కు అరిగిపోయిందిరా. ఈ కొమ్మకు ఒక్క ముడి వేసిపెట్టు" అన్నాడు.

"నా మనసు బాగాలేదు తాతా."

"నీ మనసు నాకెందుకురా? నీ ముక్కు చాలు!"

పెద్దవాడి మాట కాదనలేక పోగయ్య ముడి వేశాడు. తాత ఇంకో చీలిక తెచ్చాడు. ఆ తర్వాత మరొకటి. పోగులు అల్లుతుంటే పోయిన గుడ్లు గుర్తొచ్చి పోగయ్య బావురుమన్నాడు.

"ఏడువు నాయనా, ఏడవాల్సిందే" అన్నాడు తాత మెల్లగా. "ఏడుస్తూనే ఆ కొస లాగి పట్టు, జారిపోతోంది."

ఆ సాయంత్రం పోగయ్యకు ఆకలేసింది. మర్నాడు తాత పిలవకముందే లేచాడు. రోజులు గడిచేకొద్దీ ముడి మీద ముడి పడి, కొమ్మకు వేలాడే గూడు తయారైంది.

"ఇదిగో తాతా, నీ గూడు" అన్నాడు చివరికి.

"ఈ వయసులో నాకు గూడెందుకురా వెర్రివాడా? ఇది నీదే!"

పోగయ్య తెల్లబోయాడు. గూటిని కిందా మీదా చూసుకున్నాడు. "వంకరగా ఉంది తాతా" అన్నాడు.

"ఉంది. పాతదంత అందంగా లేదు. అయితే ఏమైంది?"

ఇంతలో గరికమ్మ ముక్కున దూదిపింజతో వచ్చి గూటిలోకి దూరింది. గిజిగాళ్లలో ఆడపిట్ట దూది తీసుకుని లోపలికి వెళ్లిందంటే గూడు నచ్చినట్టే. పోగయ్య సంతోషం పట్టలేక పాట ఎత్తుకున్నాడు. గొంతు జీరబోయింది. అయినా ఆపలేదు.

రెల్లు ఎండేనాటికి గూట్లో పిల్లలు కళ్లు తెరిచాయి. వాగు హోరెత్తినప్పుడల్లా పోగయ్య గుండె ఇప్పటికీ బరువెక్కుతుంది. కానీ లోపలి నుంచి పిల్లలు ఆకలని గోల పెడుతుంటే ఎంతసేపని కూర్చుంటాడు? కళ్లు తుడుచుకుని పురుగుల వేటకు ఎగిరిపోతాడు.

నీతి: మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామని కూర్చోకూడదు. బాధలో ఉన్నా చేతనైన చిన్న పని మొదలుపెడితే, ఉత్సాహం, సంతోషం దాని వెనకే వస్తాయి.